దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సింఫనీకి: ముంబయి వాద్యబృందం కథ, దాని కచేరీల కాలం

ధర్మాబాద్ మాస్టారు (నాందేడ్ జిల్లా)

సరిహద్దు ఊళ్ల తెలుగు సభ్యులందరికీ నమస్కారం. నేను ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పి విరమించిన వాణ్ణి. సంగీతమంటే మా ఊరి భజన సప్తాహాలూ, రాత్రిపూట రేడియోలో వచ్చే కచేరీలూ తప్ప నాకు వేరే పరిచయం లేదు. ముంబయిలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి కొన్నేళ్ల కిందట ఒక ఫిబ్రవరి సాయంత్రం నన్ను నారిమన్ పాయింట్‌లోని ఎన్‌సీపీఏ (నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) అనే కళాకేంద్రానికి తీసుకువెళ్లి, అక్కడి జంషెడ్ భాభా థియేటర్‌లో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా అనే పాశ్చాత్య వాద్యబృందం కచేరీ వినిపించింది. పదకొండు వందల మందికి పైగా పట్టే హాలులో పాడేవారి ముందు గాని వాయించేవారి ముందు గాని మైకు లేకపోవడమే నాకు మొదటి ఆశ్చర్యం. అందరూ కూర్చున్నాక ఒక్క వాద్యం, అది ఓబో అనే ఊదే వాద్యమని తరువాత తెలిసింది, ఒకే స్వరాన్ని నిలిపి పట్టింది. మిగిలిన వాద్యాలన్నీ దానికి శ్రుతి కలుపుకుని మౌనం వహించాయి. మన కచేరీలో తంబూరా మొదటి నుంచి చివరి దాకా శ్రుతిని వినిపిస్తూనే ఉంటుంది. అక్కడ ఓబో ఒక్కసారి చెప్పి ఊరుకుంటుంది, ఆ తరువాత గంటన్నర సేపు ప్రతి ఒక్కరూ దానిని తమ చెవిలోనే దాచుకోవాలి. వయొలిన్ల కమానులన్నీ ఒకే గాలికి వంగిన జొన్న చేనులాగా ఒకేవైపు కదులుతుంటే, నేను పాట వినడం మాని చాలాసేపు వాటినే చూస్తూ ఉండిపోయాను.

ఇంటికి వచ్చాక చదివి తెలుసుకున్నది ఇది. ఈ బృందం 2006లో ఏర్పడింది. ఎన్‌సీపీఏ నిర్వాహకులలో ఒకరైన ఖుష్రూ సన్‌టూక్, కజకిస్థాన్‌కు చెందిన వయొలిన్ విద్వాంసుడు మరాట్ బిసెన్‌గలియేవ్ కచేరీని లండన్‌లో విని, ఆయనను ముంబయికి పిలిచి సంగీత దర్శకుణ్ణి చేశారు. ఏడాదికి రెండు విడతలుగా, వేసవికి ముందు ఒకసారి, సెప్టెంబరు ప్రాంతంలో మరొకసారి ప్రధాన కచేరీలు జరుగుతాయి. నా సందేహాలు రెండు. ఏడాది పొడవునా కాకుండా ఈ రెండు విడతలే ఎందుకు? మన దేశంలో ఇంత పెద్ద నగరానికి వృత్తి కళాకారుల సింఫనీ బృందం రావడానికి 2006 దాకా ఎందుకు ఆగవలసి వచ్చింది? వీటితో పాటు ఒక ఆహ్వానం కూడా ఉంది. వచ్చే ఫిబ్రవరి విడతకు మన సరిహద్దు ఊళ్ల నుంచి నలుగురైదుగురం కలిసి వెళదామని నా కోరిక.

కిన్వట్ కుర్రాడు (ప్రస్తుతం ముంబయి)

మాస్టారూ, మొదటి సందేహానికి నాకు తెలిసినంత చెబుతాను. ముంబయిలో చదువుకుంటూ ప్రతి విడతలోనూ ఒకటి రెండు కచేరీలకు వెళుతున్నాను.

ఈ బృందంలో ఏడాదంతా ముంబయిలో ఉండేవారి సంఖ్య చిన్నది. వారు చిన్న బృందంగా కచేరీలు చేస్తారు, పిల్లలకు పాఠాలు చెబుతారు. సింఫనీ అనే పెద్ద కృతి వాయించవలసి వచ్చినప్పుడు విదేశాల నుంచి, ముఖ్యంగా కజకిస్థాన్ నుంచి, మరికొందరు కళాకారులు వచ్చి కలుస్తారు. అలా వచ్చిన వారిని రెండు మూడు వారాలు ఉంచి, వరుసగా సాధన చేయించి, నాలుగైదు కచేరీలు చేయించి పంపడమే ఇక్కడ విడత అన్న మాటకు అర్థం. జర్మనీలోనో అమెరికాలోనో అయితే సెప్టెంబరు నుంచి మే, జూన్ దాకా వారం వారం కచేరీలు ఉంటాయి, వేసవిలో సెలవు. ఇక్కడ ఆ పొడవైన కాలాన్ని రెండు చిన్న ముక్కలుగా కుదించుకున్నారు. జూన్, జూలై నెలల్లో ముంబయి గాలిలో ఉండే తేమకు కొయ్య వాద్యాలు ఎంత ఇబ్బంది పడతాయో వయొలిన్ ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు కనుక, ఆ నెలలు తప్పించడం కూడా సబబే.

కాలం అన్న మాటలో మరొక సంగతి ఉంది. పాశ్చాత్య నగరాలలో శ్రోతలు ఒక్కొక్క కచేరీకి కాకుండా మొత్తం కాలానికే ముందుగా చందా కడతారు. బృందం ఆ డబ్బును చూసుకునే వచ్చే ఏడాది ఏ కృతులు వాయించాలో, ఏ అతిథి విద్వాంసుణ్ణి పిలవాలో నిర్ణయించుకుంటుంది. మన సభలలో వార్షిక సభ్యత్వం కట్టినట్టే. మద్రాసులో 1927 కాంగ్రెసు మహాసభ వెంట జరిగిన సంగీత సమావేశం నుంచి మ్యూజిక్ అకాడమీ పుట్టి, డిసెంబరు కచేరీల కాలం స్థిరపడింది కదా, అక్కడ కూడా సభ్యులు ముందుగా కట్టే డబ్బే సభకు వెన్నెముక.

దెగ్లూర్ సందేహి (నాందేడ్ జిల్లా)

మాస్టారుగారి ఉత్సాహాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు, కానీ ఒక మాట అడగక తప్పదు. కళాకారులలో ఎక్కువమంది విదేశీయులు, సంగీత దర్శకుడు విదేశీయుడు, వాయించే కృతులు రెండు వందల ఏళ్ల నాటి వియన్నావి. పేరులో మాత్రం ఇండియా అని ఉంది. దీనిని మన దేశపు బృందం అని ఎలా అంటాం? ఆ డబ్బుతో షహనాయీ వాయించేవారినీ, మన సరిహద్దులో డోలు, సన్నాయి పట్టుకుని తిరిగేవారినీ ఆదుకోవచ్చు కదా? ఇది అసూయతో అంటున్న మాట కాదు. మా దెగ్లూర్‌లో మంగళవాద్యం నేర్పేవారే లేక పెళ్లికి నిజామాబాద్ నుంచి పిలిపించుకుంటున్నాం.

బల్లార్షా క్లారినెట్ (చంద్రపూర్ జిల్లా)

అయ్యా, నేను బ్యాండు మేళంలో ఇరవై రెండేళ్లుగా క్లారినెట్ వాయిస్తున్నాను. మా నాన్నగారు కాగితం మిల్లులో పని చేస్తూ, సాయంత్రాలు బ్యాండు వాయించేవారు. ఆయన చేతి వాద్యమే ఇప్పుడు నా చేతిలో ఉంది. నాకు బీథోవెన్ గురించి తెలియదు గాని, మాస్టారు చెప్పిన ఓబో ముచ్చట చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే మా మేళంలో శ్రుతి చెప్పేది ఎవరి గొంతు గట్టిదైతే వారే.

క్లారినెట్ గురించి ఒక సంగతి చెబుతాను. మేము వాడేది బి ఫ్లాట్ క్లారినెట్. దాని కాగితం మీద సి అని రాసి ఉంటే, వాయించినప్పుడు బయటికి వచ్చేది ఒక మెట్టు కింద ఉండే బి ఫ్లాట్. సింఫనీ బృందంలో ఒక్కొక్క క్లారినెట్ విద్వాంసుడు బి ఫ్లాట్ ఒకటి, ఏ ఒకటి, ఇలా రెండు వాద్యాలు దగ్గర పెట్టుకుని, కృతి ఏ స్థాయిలో ఉందో చూసి మార్చుకుంటాడట. ఈ సంగతి నాకు నాగపూర్‌లో రీడ్లు అమ్మే దుకాణంలో ఒక పెద్దమనిషి చెప్పాడు. నాకు ఒకటే ఉంది, దానితోనే అన్ని పాటలూ నడిపిస్తాను. రీడు అంటే వెదురు జాతి రెల్లు బద్ద. వానకాలంలో అది ఉబ్బుతుంది, వేసవిలో పగులుతుంది. ఆ మహా విద్వాంసులకూ ఈ బాధ తప్పదని విన్నప్పుడు నాకు కొంచెం తృప్తి కలిగింది.

సందేహిగారూ, విదేశీయులు అన్నారు. మా బ్యాండులో ఉన్న ట్రంపెట్, క్లారినెట్, సైడ్ డ్రమ్ము అన్నీ పల్టన్ల నుంచి వచ్చినవే. వాటితో మేము పోచమ్మ పాట వాయిస్తే ఎవరూ విదేశీ అనలేదు.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

క్లారినెట్ గారి చివరి మాటకు నేను ఒక ఉదాహరణ జోడిస్తాను, మాస్టారుగారి రెండో సందేహానికీ అందులో కొంత జవాబు ఉంది.

మన తరంలో రేడియో ఉన్న ప్రతి ఇంట్లో తెల్లవారు ఝామున ఆకాశవాణి ప్రసారం మొదలయ్యే ముందు వచ్చిన ఆ చిన్న స్వరమాల గుర్తుందా? తంబూరా మీద వయొలిన్, శివరంజని ఛాయ. మా అమ్మ ఆ రాగం వినిపించగానే పొయ్యి వెలిగించేది. దానిని కూర్చినవాడు వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడు. ఆయన 1934లో యూరప్ వదిలి బొంబాయికి వచ్చాడు, అక్కడ చాంబర్ మ్యూజిక్ సొసైటీ అనే సంఘం నెలకొల్పాడు, 1937 నుంచి 1946 దాకా బొంబాయి రేడియో కేంద్రంలో పాశ్చాత్య సంగీత విభాగం చూశాడు. ఆ సంఘంలో ఆయనతో కలిసి వాయించిన వయొలిన్ విద్వాంసుడు మెహ్లీ మెహతా. ఆయనే 1935లో బాంబే సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించాడు, తరువాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న సంచాలకుడు జుబిన్ మెహతాకు తండ్రి కూడా ఆయనే.

కాబట్టి బొంబాయికి బృందం లేక కాదు. ఉన్నది నిలవలేదు. అందులో వాయించినవారిలో చాలామంది పార్సీలు, గోవా క్రైస్తవులు, యుద్ధకాలంలో ఆశ్రయం వెతుక్కుంటూ వచ్చిన యూరోపియన్లు, నౌకాదళ, సైనిక బ్యాండుల వారు. పగలు వేరే ఉద్యోగం, సాయంత్రం సాధన. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆశ్రయానికి వచ్చినవారు వెళ్లిపోసాగారు, సైనిక బ్యాండులు ఖాళీ అయ్యాయి. మెహ్లీ మెహతా కూడా దేశం విడిచి, మాంచెస్టర్‌లోని హల్లే ఆర్కెస్ట్రాలో కొన్నేళ్లు వాయించి, ఆపైన లాస్ ఏంజెలిస్‌లో యువకుల బృందానికి 1964 నుంచి మూడు దశాబ్దాలకు పైగా సంచాలకుడయ్యాడు. కౌఫ్‌మన్ తరువాత కెనడా చేరి, 1948లో విన్నిపెగ్ సింఫనీకి మొదటి సంచాలకుడయ్యాడు. విన్నిపెగ్ ఎక్కడో గోధుమ పొలాల మధ్య ఉన్న నగరం, అప్పటి బొంబాయి జనాభాలో చిన్న భాగం కూడా ఉండదు. ఆ బృందం నేటికీ కచేరీలు చేస్తోంది. అదే మనిషి రెండు నగరాలలోనూ పనిచేశాడు, ఒకచోట బృందం నిలిచింది, రెండోచోట నిలవలేదు. దీనికి కారణం ఆయన ప్రతిభలో ఉండి ఉండదు కదా.

ధర్మాబాద్ మాస్టారు

సిరొంచ సోదరి చెప్పిన చివరి వాక్యం నన్ను రాత్రంతా కూర్చోబెట్టింది. లెక్కల మాస్టారుని కనుక లెక్క వేయడం మొదలుపెట్టాను.

బీథోవెన్ ఐదవ సింఫనీ 1808 డిసెంబరు 22న వియన్నాలో మొదటిసారి వినిపించింది. చలికి వణుకుతూ నాలుగు గంటల పాటు సాగిన కచేరీ అది. ఆ సింఫనీ అప్పుడు వాయించడానికి ముప్పై నిమిషాలకు పైగా పట్టింది, ఇప్పుడూ అంతే పడుతుంది. అప్పుడు ఎందరు కావాలో ఇప్పుడూ అందరే, ఇంకా ఎక్కువ కూడా. ఈ రెండు వందల ఏళ్లలో ఒక మీటరు బట్ట నేయడానికి పట్టే శ్రమ ఎన్నో వంతులు తగ్గింది, సింఫనీ వాయించే శ్రమ ఒక్క నిమిషం కూడా తగ్గలేదు. కానీ వాయించేవాడి జీతం మాత్రం బట్టల మిల్లు జీతంతో పాటు పెరగాలి, లేకపోతే అతను మిల్లుకే పోతాడు. విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు 1966లో అమెరికా రంగస్థల కళలను పరిశీలించి ఈ చిక్కును వివరించారు. అందుకే ఏ సింఫనీ బృందమూ టికెట్ల మీదనే బతకలేదు. దాతలో, ప్రభుత్వమో, నగర పాలకులో ప్రతి ఏటా లోటు పూడ్చాలి. విన్నిపెగ్‌లో పూడ్చేవారు దొరికారు. బొంబాయిలో ఆనాడు దొరకలేదు.

ఒక్క వయొలిన్ అయితే ఒక ఊరికి ఒక గురువు వస్తే చాలు. ఆర్కెస్ట్రాకు బసూన్ నేర్పే గురువు వేరు, ఫ్రెంచ్ హార్న్ నేర్పే గురువు వేరు, ఒక్కరు తక్కువైనా కృతి కుంటుపడుతుంది. వీరందరికీ ఒకే ఊళ్లో, ఒకే నెలలో జీతం అందాలి. దెగ్లూర్ సందేహిగారూ, విదేశీయులు ఎందుకు అన్న మీ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది: మనకు హార్న్ వాయించే పిల్లలు లేరు, ఎందుకంటే హార్న్ నేర్చుకుంటే అన్నం పెట్టే చోటు లేదు, ఆ చోటు లేకపోవడానికి మళ్లీ హార్న్ వాయించేవారు లేకపోవడమే కారణం. ఈ వలయాన్ని ఎవరో ఒకచోట తెంపాలి.

బరంపురం మామ (గంజాం జిల్లా, ఒడిశా)

ఒడిశా సరిహద్దు నుంచి నేను కూడా ఒక చెయ్యి వేస్తాను. మాస్టారు ఒక్క వయొలిన్ అన్నారు కనుక, ఆ వయొలిన్ మన దగ్గరికి వచ్చిన దారి తలచుకోవాలి.

ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ల దగ్గర ఫిడేలు నేర్చుకున్నారు. అన్నగారేమో ఇంగ్లీషువారి కోటలో బ్యాండు వాయించే బాణీలకు సంస్కృత సాహిత్యం రాశారు. వాటినే నొట్టుస్వరాలు అంటాం, దాదాపు నలభై. బ్రిటిష్ రాజగీతం బాణీలో ‘సంతతం పాహిమాం’ అన్న రచన వాటిలో ఒకటి. ఇదంతా రెండు వందల ఏళ్ల నాటి మాట. ఒక తరం తిరిగేసరికి ఫిడేలు నేల మీద కూర్చుంది, తల పాదం మీద ఆనింది, తంత్రులు పాశ్చాత్య శ్రుతి జి డి ఏ ఇ వదిలి సపసపలు అయ్యాయి. ఎడమ చెయ్యి వాద్యాన్ని మోసే పని లేకుండా స్వేచ్ఛ పొందింది కనుకనే గమకం పలికింది.

మా బరంపురం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. పక్కనే విజయనగరం. అక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా మొదలయింది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విద్యార్థిగా చేరదామని వెళితే, అధ్యాపకుడిగా నియమించారన్నది మన పెద్దలందరూ చెప్పుకునే ముచ్చట. తరువాత 1936లో ఆయనే అధ్యక్షులయ్యారు. ఆయన కమాను పట్టులో పాశ్చాత్య పద్ధతిని శ్రద్ధగా గమనించి తెచ్చుకున్న పొడవైన, తెగని నాదం ఉంది. 1952లో పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ మన దేశానికి వచ్చినప్పుడు మద్రాసులో ద్వారంవారి వాద్యం విని ఆనందించాడు. అంటే పాశ్చాత్య వాద్యం మన దగ్గర మనదై, మళ్లీ వారినే మెప్పించింది. కానీ మాస్టారు అన్నట్టు ఇదంతా ఒంటరి వాద్యం కథ. బృందంగా ప్రయత్నం చేసింది ఆకాశవాణి. ఢిల్లీలో 1952లో రవిశంకర్‌గారి సంచాలకత్వంలో వాద్యవృంద మొదలయింది, మన ఈమని శంకరశాస్త్రిగారు కూడా దానిని నడిపి రచనలు చేశారు. జీతం ఇచ్చే సంస్థ ఉండబట్టే అది సాధ్యమయింది.

ఒక చిన్న విశేషం. ద్వారంవారు పుట్టింది 1893 నవంబరు 8న. అదే ఏడాది డిసెంబరు 16న న్యూయార్క్‌లో చెక్ స్వరకర్త ద్వోర్జాక్ తొమ్మిదవ సింఫనీ మొదటిసారి వాయించారు. దానికేమీ అర్థం లేదు, గుర్తు పెట్టుకోవడానికి బాగుంటుందని చెప్పాను.

ప్రాణహిత ఒడ్డు

మామగారూ, ఆ సింఫనీలో రెండో భాగం నేను ఫోనులో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అది మోహన రాగమే కదా? విన్న ప్రతిసారీ నాకు అలాగే అనిపిస్తుంది.

బరంపురం మామ

మొదటి పాదం వరకు మీరు చెప్పింది నిజం. కోర్ ఆంగ్లే అనే వాద్యం, ఓబోకు పెద్దక్క అనుకోండి, దాని మీద వచ్చే ఆ పలుకు ‘గ ప ప, గ రి స, రి గ ప గ రి’. స రి గ ప ధ దాటి బయటికి పోదు. రెండో పాదంలో పైకి వెళ్లినప్పుడు కాకలి నిషాదం తగులుతుంది, అక్కడ మోహనం చెదురుతుంది. పైగా దాని కింద తంత్రీ వాద్యాలు పట్టే స్వరాల గుత్తులు మన రాగ భావనలో ఇమడవు. రాగం పేరు పెట్టుకుని వింటే తలుపు తెరుచుకుంటుంది, అంతే. లోపలికి వెళ్లాక ఆ పేరును గుమ్మం దగ్గర వదిలేయడం మంచిది.

దెగ్లూర్ సందేహి

మాస్టారుగారి వలయం నాకు అర్థమయింది, నా మాటలో కొంత వెనక్కి తీసుకుంటాను. కానీ అన్నం పెట్టే చోటు లేదన్నది పూర్తిగా నిజం కాదు. హిందీ సినిమా స్టూడియోలు నలభై ఏళ్లు పెట్టాయి. గోవా నుంచి వచ్చిన సెబాస్టియన్ డిసౌజా, ఆంథనీ గొన్సాల్వెస్ వంటివారు స్వరాలు కాగితం మీద రాసి, నలభై యాభై మంది చేత వాయించబట్టే ఆనాటి పాటలకు ఆ నిండుదనం వచ్చింది. అమితాబ్ ఒక పాటలో ‘మై నేమ్ ఈజ్ ఆంథనీ గొన్సాల్వెస్’ అంటాడు కదా, అది తనకు వయొలిన్ నేర్పిన ఆ గురువుకు సంగీత దర్శకుడు ప్యారేలాల్ సమర్పించిన గౌరవం. ఆ గొన్సాల్వెస్ 1958లో సినిమా వాద్యకారులనే పోగుచేసి, ఇండియన్ సింఫనీ ఆర్కెస్ట్రా అనే పేరుతో రాగాల ఆధారంగా తన రచనలు సెయింట్ జేవియర్స్ కళాశాల ఆవరణలో వాయింపజేశాడు. లతా మంగేష్కర్, మన్నాడే పాడారు. అది కూడా నిలవలేదు. సింథసైజర్ వచ్చాక ఒక్క మనిషి యాభై మంది వయొలిన్లను పెట్టెలోంచి తీయగలిగాడు, స్టూడియోలు ఖాళీ అయ్యాయి.

అంటే ప్రతి తరంలోనూ ఒకరు మొదలుపెట్టారు, ప్రతి తరంలోనూ అది ఆరిపోయింది. మరి 2006 నాటిది ఆరిపోదని ఏమిటి నమ్మకం?

కిన్వట్ కుర్రాడు

నమ్మకం అని చెప్పలేను అన్నగారూ, కానీ ఈసారి రెండు తేడాలు ఉన్నాయి. మొదటిది ఇల్లు. ఎన్‌సీపీఏను 1969లో జె.ఆర్.డి. టాటా, జంషెడ్ భాభా స్థాపించారు, సముద్రాన్ని పూడ్చిన నేల మీద కట్టారు. టాటా థియేటర్ 1980లో, ఆర్కెస్ట్రా, ఓపెరా కోసం ఉద్దేశించిన జంషెడ్ భాభా థియేటర్ 1999లో తెరుచుకున్నాయి. రెండోది కడుతుండగా 1997లో అగ్నిప్రమాదం జరిగితే మళ్లీ కట్టారు. పాత బృందాలు అద్దెకు వాయించిన కావస్‌జీ జహంగీర్ హాలు ఇప్పుడు చిత్రకళా ప్రదర్శనశాల. ఈ బృందానికి మాత్రం సొంత హాలు, సాధనకు సొంత గది ఉన్నాయి. రెండోది బడి. విదేశాల నుంచి వచ్చినవారి చేత పిల్లలకు రష్యా పద్ధతిలో, వారానికి ఒక గంట కాకుండా రోజూ కఠినంగా శిక్షణ ఇప్పిస్తున్నారు. ఆ పిల్లల్లో కొందరిని నేను వేదిక మీద వెనక వరుసలో చూశాను. మాస్టారు చెప్పిన వలయాన్ని తెంపేది వారేనేమో, ఇంకా పదేళ్లు పడుతుంది.

వియన్నా కృతులే అన్న మాటకు కూడా ఒక జవాబు ఉంది. ఈ బృందం జాకిర్ హుసేన్‌గారి చేత తబలాకూ ఆర్కెస్ట్రాకూ కలిపి ‘పేష్కార్’ అనే రచన చేయించి 2015లో వాయించింది. తబలా సోలోలో తాళాన్ని మెల్లగా విప్పి చూపే మొదటి భాగాన్ని పేష్కార్ అంటారు. దానినే 2016లో స్విట్జర్లాండ్‌కూ, 2019లో ఇంగ్లాండ్, స్కాట్లాండ్, వేల్స్ నగరాలకూ తీసుకువెళ్లారు. జాకిర్‌గారు 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆ రచనను ఇకపై మరొక తబలా విద్వాంసుడు వాయిస్తే ఎలా ఉంటుందో నాకు ఊహకు అందడం లేదు.

నిర్వాహకులు

చర్చ బాగా సాగుతోంది. టికెట్లు కొని తిరిగి అమ్మే ప్రకటనలు రెండు తొలగించాము. ప్రయాణం సంగతి ఇక్కడే మాట్లాడుకోవచ్చు.

ధర్మాబాద్ మాస్టారు

ప్రయాణం సంగతికి వస్తాను. ధర్మాబాద్, నాందేడ్ వైపు వారికి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది. సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి ముంబయి సీఎస్‌ఎంటీ స్టేషను. బల్లార్షా, కిన్వట్ వైపు వారికి నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్. బరంపురం మామగారికి కోణార్క్ ఎక్స్‌ప్రెస్, ఒకటిన్నర రోజు కూర్చోవాలి, ఓపిక ఉంటే స్వాగతం. కచేరీ ముగిసి బయటికి వచ్చేసరికి తిరుగు బండి అందుతుందన్న నమ్మకం లేదు కనుక ఆ రాత్రి ఉండిపోవడమే మేలు. మా అమ్మాయి ఇంట్లో నలుగురికి చోటు ఉంది.

కొత్తగా వచ్చేవారికి ఒక జాగ్రత్త. సింఫనీ నాలుగు భాగాలుగా ఉంటుంది, మధ్యలో కొద్దిసేపు నిశ్శబ్దం వస్తుంది. నేను మొదటి భాగం కాగానే గట్టిగా చప్పట్లు కొట్టాను, ముందు వరుస మొత్తం తిరిగి చూసింది, మా అమ్మాయి తల వంచుకుంది. చివరి దాకా ఆగడం అక్కడి మర్యాద. అయితే ఆ మర్యాద బీథోవెన్ నాటిది కాదట. ఆయన ఏడవ సింఫనీ 1813లో మొదటిసారి వినిపించినప్పుడు, శ్రోతలు రెండో భాగాన్ని అప్పటికప్పుడే మళ్లీ వాయించమని పట్టుబట్టారు. అంటే వారూ మనలాగే ‘వన్స్ మోర్’ అన్నవారే. ఈ సంగతి తెలిశాక నా సిగ్గు సగం తగ్గింది.

బల్లార్షా క్లారినెట్

మాస్టారూ, నాకూ రావాలని ఉంది, కానీ ఫిబ్రవరి నా వల్ల కాదు. మాఘ మాసం, ముహూర్తాలు వరుసగా ఉంటాయి, ఏడాది తిండి ఆ రెండు మూడు నెలల్లోనే. వారికి విడతలు ఉన్నట్టే మాకూ ఉన్నాయి. సెప్టెంబరులో వినాయకుడి ఊరేగింపులు, అనంత చతుర్దశి నిమజ్జనం దాకా ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. ఆ మరునాటి పున్నమి దాటితే మహాలయ పక్షాలు. ఆ పదిహేను రోజులు ఎవరూ బ్యాండు పెట్టరు. వారి కచేరీ ఆ పక్షంలో పడితే తప్పకుండా వస్తాను.

మరొక్క మాట. డబ్బు ఎక్కువైనా ముందు వరుసలో కూర్చుంటేనే క్లారినెట్ వాయించేవారి వేళ్లు కనిపిస్తాయా?

కిన్వట్ కుర్రాడు

ముందు వరుస వద్దు అన్నా. అక్కడ కూర్చుంటే వయొలిన్ల వీపులూ, కుర్చీల కాళ్లూ తప్ప ఏమీ కనిపించవు. క్లారినెట్లు తంత్రీ వాద్యాల వెనక, నడిమధ్యలో, ఓబో, ఫ్లూట్ల వెనక వరుసలో కూర్చుంటాయి. పైన బాల్కనీలో కూర్చుంటే మొత్తం బృందం పళ్లెంలో పెట్టినట్టు కనిపిస్తుంది, టికెట్టు కూడా తక్కువ. నేను ఎప్పుడూ అక్కడే కూర్చుంటాను.

ధర్మాబాద్ మాస్టారు

అయితే ఫిబ్రవరి మాట మానుకుందాం. వారు సెప్టెంబరు తేదీలు ప్రకటించగానే నేను పంచాంగం పక్కన పెట్టుకుని చూసి ఇక్కడే రాస్తాను. పక్షాలలో పడితే బాల్కనీలో అయిదు టికెట్లు, పడకపోతే క్లారినెట్ గారికి ఏ రోజు తీరిక ఉంటుందో ముందుగా చెప్పాలి. దెగ్లూర్ సందేహిగారూ, ఆ అయిదింటిలో ఒకటి మీ పేరున రాసుకున్నాను, కాదంటే ఈ వారంలోగా చెప్పండి.

దెగ్లూర్ సందేహి

ఉంచండి.